చేతిబ్రేకు తీగ బిగిసినప్పుడు



క్రిందటి మాసమున ఈ శీర్షిక క్రింద కుట్టుమిషనుకు నూనె వేయు విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున పిండి రుబ్బు యంత్రమును గూర్చి వ్రాయుదునని మాట యిచ్చియుంటిని. ఆ మాట తప్పుచున్నందుకు మన్నింపవలెను. వానకాలము దగ్గఱకు వచ్చినది. నేనిప్పుడు చెప్పబోవు సంగతి వానలకు ముందు తెలిసినగాని ప్రయోజనము లేదు. అది కారు చేతిబ్రేకును గూర్చినది. "ఇది ఆడువారి పత్రికకు తగిన ప్రసంగమేనా?" అని ముక్కుమీద వ్రేలు వేసికొనువారు ఒకరిద్దఱు ఉండకపోరు. దశరథుని రథమునకు ఇరుసుచీల ఊడినపుడు కైక తన వ్రేలు దూర్చి రథమును నిలిపెనని పెద్దలు చెప్పుకొను కథను వారికి జ్ఞప్తిచేయుచున్నాను. ఆమె అటుతరువాత చేసిన పనితో మనకిప్పుడు నిమిత్తము లేదు.

మేముండునది విశాఖపట్టణమున, సింహాచలమునకు పోవు వైపున, ఒక వాలువీధిలో. సముద్రపుగాలి సోకు ఊరిలో ఇనుప వస్తువు ఎట్లు చెడునో అక్కడ కాపురము చేసినవారికి చెప్పనక్కఱలేదు. కిటికీ ఊచలు, తలుపు గడియలు, నూతి గిలక, ఏదియును ఏడాదికొకసారి చూడనిచో మన్నన చేయదు. మా యింట నున్న కారు మారుతి 800. ఆ జాతి బండ్లు 1983 డిసెంబరులో మొదట వెలువడి, 2014 జనవరిలో తయారగుట ఆగిపోయినవి. మాది 2004 నాటిది. దానిని 2015 లో ఒక విశ్రాంత ఉద్యోగివద్ద మా వారు కొనిరి. అత్తగారిని వైద్యునికడకు గొనిపోవుటకును, నెలకొకసారి సరుకులు తెచ్చుటకును, పండుగలకు మా పుట్టినింటికి పోవుటకును అదియే మాకు పుష్పకము. నడపుట నేనును నేర్చుకొంటిని. మా తండ్రిగారివద్ద నేను చదివినవి కావ్యములేగాని యంత్రశాస్త్రము కాదు. అయినను బండి నడపు చేతికి బండి మాట కొంత తెలియవలెనను పట్టుదల నాకు మొదటినుండియు గలదు. ఆ పట్టుదల ఈ ఒక్క విషయమున మాత్రము నిదురపోయినది. ఎందుచేతనో చెప్పెదను.

రెండు వానకాలములనుండి మా బండి చేతిబ్రేకు బిగువుగా నుండెను. రెండు ముందు పీటలకు నడుమ నుండు ఆ లీవరును పైకెత్తవలెనన్న మణికట్టు నొచ్చెడిది. దింపినను ఒక్కొక్కప్పుడు బండి వెనుకనుండి ఎవరో పట్టి లాగుచున్నట్లు మందముగా కదలెడిది. బండి బాగుచేయు అతనిని అడిగితిమి. "పాతబండి గదమ్మా! చేతిబ్రేకుతో పనేమి? గేరులో పెట్టి చక్రమువెనుక రాయి వేసికొనండి" అనెను. మాకును ఆ మాట చౌకగా తోచినది. గుమ్మము ప్రక్కన ఒక నల్లరాయి చేరినది. బండి వచ్చినపుడెల్ల మా చిన్నవాడు పరుగెత్తి ఆ రాతిని చక్రమువెనుక పెట్టుట ఆటగా నేర్చుకొనెను. ఎనిమిదేండ్ల పిల్లవానిని నిలువని బండి వెనుకకు పంపుచున్నామని మాకు ఒక్కరికిని తోచలేదు. దీనిని వ్రాయుటకు నాకిప్పటికిని సిగ్గుగా నున్నది.

క్రిందటేటి శ్రావణమాసమున ఒకనాటి సాయంకాలము కంటివైద్యునివద్దనుండి అత్తగారిని దిగబెట్టి, తిరిగి అంగడికి పోవలెనను తొందరలో, ఇంజను ఆపక, గేరు తీసివేసి, చేతిబ్రేకు లాగితిని. మూడు టిక్కులు వినబడినవి, నాలుగవదానికి లీవరు రాతివలె నిలిచిపోయినది. అంత బిగువుగా వచ్చినది గనుక గట్టిగా పట్టినదనుకొని కాలిబ్రేకుమీదనుండి పాదము తీసితిని. అత్తగారు ఒక కాలు నేలమీద పెట్టి రెండవది పెట్టబోవుచుండగా బండి వెనుకకు జరిగినది. నేను మరల కాలిబ్రేకు త్రొక్కులోపల రెండు బారలు పోయి ఎదురింటి మల్లెపందిరి గుంజకు తగిలి ఆగినది. అత్తగారు పీటమీదికే వెనుకకు కూలబడిరి. మడమ బెణికి మూడు వారములు మంచము దిగలేదు. ఆ క్షణమున ఆమె అన్న మాట యిది: "నాకేమి కాలేదే, ముందు పిల్లవాడెక్కడున్నాడో చూడు!" వాడు రాతికై వంగి గుమ్మమువద్దనే యున్నాడు. మఱి రెండడుగులు ముందు నడచియుండినచో ఏమయ్యెడిదో ఊహింపజాలను.

ఆ రాత్రి మా వారితో నేనొకటే అంటిని: "పాఠశాలలో పిల్లలకు ఒరిపిడిని గూర్చి ఏడాది పొడుగునను చెప్పుదురు, మన యింటి ఒరిపిడిని రెండేండ్లు చూచుచు ఊరకుంటిమి." వారు కోపగింపక మఱునాడే సెలవు పెట్టిరి. బండి బాగుచేయు అతనిని మార్చితిమి. క్రొత్తగా వచ్చినవాడు పనియందు నేర్పు గలవాడేగాక, నేను ప్రక్కన నిలిచి అడిగినదానికెల్ల విసుగుకొనక బదులు చెప్పినవాడు. అప్పుడు చూచినదియు, చేసినదియు, అటుపిమ్మట బండితో వచ్చిన పుస్తకమును చదివి తెలిసికొన్నదియు మీకు చెప్పుచున్నాను.

కాలిబ్రేకునకును చేతిబ్రేకునకును మార్గములు వేఱు. మన కాలము కార్లలో కాలిబ్రేకు ఒక ద్రవమును గొట్టములలో నొక్కి నాలుగు చక్రములను పట్టును. చేతిబ్రేకు ఉక్కుతీగను లాగి సాధారణముగా వెనుక చక్రములు రెంటిని మాత్రమే పట్టును. ద్రవము కారిపోయి కాలిబ్రేకు చెడినను ఈ తీగ పనిచేయవలెనని అట్లు వేఱుచేసియుందురు. కాబట్టి ఇది బండిని ఇంటిముందు నిలుపుటకు మాత్రమే కాదు, ఆపదలో రెండవ ప్రాణము వంటిది. దానిని చెడిపోనిచ్చి రాతిని నమ్ముకొన్న మా తెలివి ఎట్టిదో చూడుడు.

ఆ తీగ ఒంటితీగ కాదు. సన్నని ఉక్కుపోగులను పేటలుగా పురిపెట్టి నులిమిన త్రాడు. అది ఒక గట్టి తొడుగులో నడచుచుండును. ఆ తొడుగు లోపల ఉక్కు చుట్టలు, పైని ప్లాస్టిక్కు పూత. లోపలి త్రాడును లాగినపుడు పైతొడుగు కదలక నిలిచినచో లాగుడు వంకరదారిలోనైనను ఆ కొసకు చేరును. ఈ ఏర్పాటునకు బౌడెన్ అను నాతడు 1896 లో పేటెంటు పొందెను. సైకిలు బ్రేకు, స్కూటరు క్లచ్చి ఈ పద్ధతినే నడచును. కావున మీ యింట కారు లేకున్నను, సైకిలున్న పక్షమున ఈ ప్రసంగము మీకు వ్యర్థము కాదు.

ఇక బిగియుటకు కారణములు. తొడుగు చివరలనుండు రబ్బరు టోపీలు ఎండకు పెళుసెక్కి చీలును. బండి అడుగున రాళ్లు తగిలి ప్లాస్టిక్కు పూత గీచుకొనిపోవును. ఆ సందులగుండ వాననీరు, బురద, మా ఊరిలోనైనచో ఉప్పుగాలియు లోనికి చేరును. తుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమించుకొనునది గనుక సన్నని గొట్టములో త్రాడు ఇరుకుకొనిపోవును. ఇంకొక కారణము మన నడవడినుండి వచ్చునది. బ్రేకు బిగువైనదని దానిని వాడుట మానివేయుదుము. వాడనికొలది మఱింత బిగియును. తలుపు కీలు ఏడాదికాలము తెఱవనిచో ఏమగునో ఇదియు అట్లే.

బిగిసిన తీగవలన రెండు విరుద్ధమైన కీడులు కలుగును. లాగినపుడు చేతిబలమంతయు తుప్పుతో పెనుగులాడుటకే సరిపోయి చక్రమునకు చేరదు. దింపినపుడు తీగ వెనుకకు పోక బ్రేకు షూలు డ్రమ్మును ఒరయుచునే యుండును. మొదటిదానివలన బండి జరుగును. రెండవదానివలన చక్రము వేడెక్కి, మాడువాసన వచ్చి, పెట్రోలు వృథాయగును, షూల లైనింగు అరిగిపోవును. గమనింపుడు, లీవరు బిగువునకును బ్రేకు పట్టునకును సంబంధము లేదు. నేను పొరబడినది ఇచ్చటనే. బండి ముందుపలకమీద వెలుగు ఎఱ్ఱదీపమును నమ్ముటయు అట్టిదే. ఆ దీపము లీవరు పైకి లేచినదని చెప్పునేగాని చక్రము పట్టుబడినదని చెప్పదు.

మీ బండిలో ఈ లోపమున్నదో లేదో కనుగొనుటకు మేస్త్రీ అక్కఱలేదు. కాలిబ్రేకు ఎక్కువగా వాడక చదునైన దారిని కొంతదూరము పోయి ఆగి, వెనుక చక్రములదగ్గఱ అరచేయి చూపుడు. తాకరాదు సుమా. పెనమునకు దోసె వేయుటకు ముందు చేయి చూపుదుము గదా, అంతదూరమున చాలును. ఒక చక్రము రెండవదానికన్న వేడిగా నున్నచో అటుప్రక్క షూలు ఒరయుచున్నవని అనుమానింపవచ్చును. లీవరు దింపినను కొంత పైననే నిలిచి చేతితో నొక్కినగాని దిగకున్నను అనుమానింపవలెను.

పనికి పూనుకొనుటకు ముందు భద్రతను గూర్చి నాలుగు మాటలు. ఇచ్చట మీరు తొందరపడినచో నేనీ ప్రసంగము వ్రాసి పాపము కట్టుకొన్నదాననగుదును. చదునైన గట్టినేలమీద బండిని నిలుపవలెను. వెనుక చక్రములు లేపవలసియుండును గనుక ముందు చక్రములకు ఇరువైపుల, అనగా ముందును వెనుకను, చెక్క అడ్డులు పెట్టవలెను. మారుతి 800 వంటి బండిలో ఇంజను ముందుచక్రములను త్రిప్పును. కావున మొదటి గేరులో పెట్టినచో ముందుచక్రములు కొంత నిలుచును. పాత అంబాసిడరు, పద్మిని బండ్లలో ఇంజను వెనుకచక్రములను త్రిప్పును. అట్టి బండి వెనుకభాగమును లేపినచో గేరు వలని ఆధారము పోవును, అడ్డులే శరణ్యము. ఈ భేదమెఱుగక మోసపోయినవారు కలరని మా మేస్త్రీ చెప్పెను. జాకీతో లేపినంతమాత్రమున అడుగునకు దూరరాదు. ఇనుప స్టాండులమీద నిలిపి, ఒకసారి చేతితో కుదిపి చూచి, అప్పుడే దగ్గఱకు పోవలెను. ఇటుకలు పేర్చుట పనికిరాదు, అవి చెప్పకయే పగులును. పిల్లలను ఆ దరిదాపులకు రానీయరాదు. చీరకుచ్చెళ్లు, కొంగు బిగించి దోపుకొనవలెనని వేఱే చెప్పవలెనా!

బిగువు ఎక్కడనున్నదో తెలిసికొనుట తరువాతి పని. అది లీవరు మొదట ఉండవచ్చును, తీగలో ఉండవచ్చును, చక్రపు డ్రమ్ములోపల ఉండవచ్చును. మూడింటిని విడదీసి చూచినగాని తెలియదు. లీవరుచుట్టునున్న ముసుగు తీయగా అడుగున తీగ చివర మఱ, దానిమీద నట్టు కనబడును. నట్టు దాటి ఎన్ని మఱచుట్లు పైకి కనబడుచున్నవో లెక్కపెట్టి కాగితముమీద వ్రాసికొని, పానాతో నట్టును వదులుచేయవలెను. మేము ఫోనుతో ఛాయాచిత్రము కూడ తీసికొంటిమి. తీగ వదులైన పిమ్మట లీవరు తేలికగా లేచి దిగినచో లీవరునందు దోషము లేదు. మాది తేలికగనే ఆడినది.

పిమ్మట చక్రము, డ్రమ్ము విప్పవలెను. ఈ పనిని మేస్త్రీచేతనే చేయించితిమి, మీరును అట్లే చేయింపుడు. కాలిబ్రేకునకు సంబంధించిన భాగములన్నియు అందే యుండును. వానిని మరల కూర్చుటలో పొరపాటు రాకూడదు. డ్రమ్ములోని నల్లని పొడిని నోటితో ఊదరాదు, చీపురుతో దులుపరాదు. పాత లైనింగులలో రాతినార కలియుట కద్దు. అది ఊపిరితిత్తులకు విషము. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను మూటగట్టి పాఱవేయవలెను. మేస్త్రీ మొదట నోరు దగ్గఱకు చేర్చబోగా నేను తడిగుడ్డ అందించితిని. నవ్వెనుగాని తీసికొనెను.

డ్రమ్ములో తీగ కొక్కెము తగిలించు చిన్న ఇనుపచేయి యుండును. తీగను దానినుండి తప్పించి, ఆ చేతిని వ్రేలితో ముందుకు త్రోసి విడువవలెను. స్ప్రింగు బలముచే అది వెంటనే వెనుకకు వచ్చినచో డ్రమ్ములోపల దోషము లేదు, దోషమంతయు తీగలోనే. రాక నిలిచిపోయినచో దాని మొల తుప్పుపట్టినదన్నమాట. దానిని శుభ్రపఱచి, వేడికి కరగని బ్రేకు గ్రీజును కందిగింజంత మాత్రము మొలవద్ద పూయవలెను. గ్రీజు లైనింగునకు తగులరాదు. మా బండిలో కుడిప్రక్క చేయి బాగుగ నుండెను. ఎడమప్రక్కది కొంత మందముగా నుండెను. ఇక తీగలు: కుడితీగ బరువుగానైనను జరిగెను. ఎడమతీగను ఇద్దఱము రెండు కొసలు పట్టి లాగినను బెత్తెడు కదలలేదు.

ఇప్పుడు నాకు మిక్కిలి ఇష్టమైన భాగమునకు వచ్చితిని. తీగకు నూనె పట్టించుట. మేస్త్రీ రెండు తీగలను విప్పి నా చేతికిచ్చి, "క్రొత్తవి తెచ్చుట సులువు, కాని చూచిన తప్పులేదు" అనెను. మొదట పైతొడుగును, బయటికి కనబడు త్రాడును పాతగుడ్డతో తుడిచి వెలుతురున పరీక్షించితిమి. చివరలయందు పోగులు తెగి ముండ్లవలె లేచియున్నచో, తొడుగు ఒకచోట మడతపడియున్నచో, లేక పైపూత పగిలి లోపలి చుట్టలు తుప్పుతో ఉబ్బియున్నచో ఆ తీగకు ఏ నూనెయు పనికిరాదు, మార్చవలసినదే. ఒక్క పోగు తెగినను అంతే. తెగిన పోగు ప్రక్కపోగులను కోయుచుండును. తెగుటయు ఒకనాడు బ్రేకు గట్టిగా లాగినపుడే తెగును. మా ఎడమతీగకు కొక్కెము దగ్గఱ రెండు పోగులు తెగియున్నవి. దానిమీద ఆశ వదలుకొంటిమి. కుడితీగ నిర్దోషముగా నున్నది.

దానిని ఇంటి వెనుక వసారాలో మేకునకు నిలువుగా వ్రేలాడదీసితిని. పాలసంచి వంటి దళసరి ప్లాస్టిక్కు సంచిని గోరింటాకు కోనువలె చుట్టి, మొనకు సన్నని రంధ్రము చేసి, దానిని తీగ పైకొసకు, తొడుగు నోరు లోపలికి వచ్చునట్లు తొడిగి, దారముతో బిగించి కట్టితిని. అందులో మొదట తుప్పు వదలించు పలుచని నూనె పోసితిని. క్రింద ఒక పాతడబ్బా. పావుగంటకొకసారి పోయి, త్రాడును పైకి క్రిందికి ఆడించుచుంటిని. మొదటి జామున ఒక్క చుక్కయు క్రింద పడలేదు. వంట ముగించి వచ్చునప్పటికి కాఫీకషాయమువంటి ఎఱ్ఱని నీరు బొట్లుబొట్లుగా కారుచున్నది. అది తుప్పు. ఆ పలుచనిది కారిపోయిన పిమ్మట ఇంజనునూనె పోసి రాత్రియెల్ల అట్లే యుంచితిని. ఉదయమున లేచి చూడగా డబ్బాలోనిది తేటబడినది. త్రాడు రెండు వ్రేళ్లతో లాగగా జడకుచ్చులవలె జారినది. అత్తగారు మంచముమీదనుండియే, "ఏమే, దిగినదా నూనె?" అని రాత్రి రెండుమారులు అడిగిరి.

ఏ నూనె యని మీరడుగుదురు. కిరసనాయిలు తుప్పును మెత్తబఱచునుగాని ఆవిరియై పోవును, వెనుక రక్షణ నిలువదు. కొబ్బరినూనె, నువ్వులనూనె, వంటనూనెలు వేయనేరాదు. నాళ్లు గడచినకొలది అవి జిగటయై దుమ్మును పట్టుకొని మొదటికన్న ఎక్కువ బిగించును. మన ఎడ్లబండ్ల ఇరుసులకు ఆముదమును, కాల్చిన గడ్డిమసిని కలిపి కందెన పెట్టెడివారు. ఆ ఇరుసులు పెద్దవి, కందెన మాటిమాటికి మార్చెడివారు. ఈ సన్నని గొట్టమునకు ఆ వైద్యము తగదు. సైకిలు తీగకు మాత్రము మీ కుట్టుమిషను నూనె చాలును. కొన్ని క్రొత్త తీగలలో లోపల నైలాను పూత యుండును. అట్టివానిని శుభ్రపఱచిన చాలును, గట్టి గ్రీజు కూరరాదు. ఏదైనను తీగను తిరిగి తొడుగుటకు ముందు ఒకపూట వ్రేలాడనిచ్చి, కొసలను పొడిగుడ్డతో చక్కగా తుడువవలెను. ఒక్క నూనెచుక్క బ్రేకు లైనింగుమీద పడినచో, బిగిసిన బ్రేకుకు బదులు జారు బ్రేకును సంపాదించుకొన్నవారమగుదుము. రబ్బరు టోపీలు చీలినవి తీసి క్రొత్తవి వేయవలెను. లేనిచో వచ్చు వానకాలమునకు కథ మొదటికి వచ్చును.

ఎడమతీగకు క్రొత్తది కొంటిమి. నాలుగువందల రూపాయలలోపే అయినది. రెండేండ్లు రాతిని మోసిన శ్రమయు, మూడువారముల మంచమును ఈ నాలుగువందలకు వెనుకాడి కొనుక్కొంటిమని మా వారు లెక్కల పుస్తకములో ఒక ప్రక్కన వ్రాసియుంచిరి.

తిరిగి కూర్చునపుడు ఒక క్రమము కలదు. దీనిని తలక్రిందులు చేయుటవలననే పెక్కు బండ్లు చెడుచున్నవి. ముందుగా డ్రమ్ములోని షూలకును డ్రమ్మునకును నడుమ నుండవలసిన సందును సరిచేయవలెను. అటుపిమ్మటనే లీవరువద్ద తీగ నట్టును బిగింపవలెను. షూలు అరిగి సందు పెరిగినపుడు, ఆ పని మాని, నట్టునే మఱికొంత మఱికొంత బిగించుట చాలమందికి అలవాటు. దానివలన ఒక వారము బ్రేకు పట్టినట్లుండును. కాని తీగ ఎల్లప్పుడును సాగదీయబడి, షూలు పూర్తిగా వెనుకకు పోలేక ఒరయుచునే యుండును. మా బండి నట్టును ఇదివఱకెవరో చివరవఱకు త్రిప్పియుంచిరి. నేను లెక్క వ్రాసికొన్న మఱచుట్లే దానికి సాక్ష్యము. నట్టును సరిపెట్టిన పిమ్మట లీవరును పలుమార్లు గట్టిగా లాగి దింపి, తీగ తన చోట కుదురుకొన్నతరువాత మరల చూడవలెను. సాధారణముగా నాలుగు మొదలు ఏడు టిక్కుల లోపల బ్రేకు గట్టిగా పట్టవలెను. మీ బండి పుస్తకము ఏ లెక్క చెప్పునో అదియే ప్రమాణము. లీవరు పూర్తిగా దింపినపుడు, లేపియున్న వెనుక చక్రములు రెండును చేతితో త్రిప్పగా ఒరయక తిరుగవలెను. ఒకటి రెండు టిక్కులకు ఒరయుట మొదలై, ఆపైన రెండును సమముగా బిగియవలెను. ఒక చక్రము ముందు పట్టి రెండవది వెనుక పట్టినచో సర్దుబాటు ముగియలేదని తెలియునది.

చివరకు పరీక్ష. మా వీధి వాలే పరీక్షాస్థలము. ముందుగా బండి వెనుకను ముందును ఎవరును లేకుండ చూచి, పిల్లవానిని అత్తగారి మంచము ప్రక్కన కూర్చుండబెట్టి, నేను బండిలో కూర్చుంటిని. గేరు తీసి, చేతిబ్రేకు లాగి, కాలిబ్రేకును మెల్లమెల్లగా వదలితిని, పాదమును మాత్రము దానిమీదనే యుంచితిని. అయిదవ టిక్కుకు బండి నిలిచినది. బండిని మఱలించి, ముఖము పల్లమునకు పెట్టి తిరిగి చూచితిని. అప్పుడును నిలిచినది. లీవరు దింపగనే తనంతట తాను జరిగినది. నిలుచుటయు వదలుటయు రెండును చూడవలెను. చాలమంది మొదటిది మాత్రమే చూచి ఇంటికి పోవుదురు.

ఇక వాడుకను గూర్చి. దినమునకొకసారియైనను చేతిబ్రేకు వేసి తీయుచుండినచో తీగ బిగియదు. వాలుమీద నిలిపినపుడు బ్రేకుతోపాటు గేరునందును పెట్టుట మంచిది. ముందుచక్రములను ఏదైన అరుగువైపునకు త్రిప్పియుంచుట ఇంకను మంచిది. కాని బండిని కడిగిన వెంటనే, లేక వానలో తడిసివచ్చి, పది పదునైదు దినములు కదల్చక యుంచవలసివచ్చినచో చేతిబ్రేకు వేసి వదలరాదు. తడిసిన షూలు డ్రమ్మునకు అంటుకొనిపోవును. అట్టియెడ చదునుమీద నిలిపి, గేరులో పెట్టి, చక్రములకు చెక్క అడ్డులు పెట్టి యుంచవలెను. రాయి పనికివచ్చునది అప్పుడొక్కప్పుడే.

గుంటూరునుండి ఒక సోదరి తన జాబులో, మగవారు ఇంట లేనపుడు బండిని బాగుచేయు దుకాణమునకు తీసికొనిపోయినచో వారు చెప్పినదానికెల్ల తలయూపి రావలసివచ్చుచున్నదని, ఏమి అడుగవలెనో తెలియకున్నదని వ్రాసిరి. అమ్మా, ఈ ఒక్క పనికి మీరడుగవలసినవి ఇవి. "బిగువు తీగలోనా, డ్రమ్ములోనా? విడదీసి చూచితిరా?" అని మొదట అడుగుడు. "షూల సందు సరిచేసినతరువాత నట్టు బిగించితిరా?" అని పిమ్మట అడుగుడు. తీసిన పాతతీగను చేతికిమ్మని అడిగి పుచ్చుకొనుడు. పోగులు తెగినవో లేదో మీ కన్నులకే కనబడును. మీరు చూతురని తెలిసినచో పని చక్కగా సాగును. మా పాతతీగ ఇప్పటికిని వసారాలో మేకునకు వ్రేలాడుచున్నది. పొట్లకాయ పాదునకు ఊతగా కట్టవచ్చునని అత్తగారి ఆలోచన.

ఆమె ఇప్పుడు హాయిగా నడచుచున్నారు. బండి దిగుటకు ముందు మాత్రము, "వేసితివా?" అని అడిగి, నేను "వేసితినండి" అన్నపిమ్మట, లీవరువైపు వంగి తామే ఒకసారి చూచి దిగుదురు. చిన్నవానికి రాతిపని తప్పినందుకు కొంత చింత కలిగినది. వానికి బదులుగా టిక్కులు లెక్కపెట్టు పని యిచ్చితిమి. మొన్నటి ఆదివారము ఆఱవ టిక్కు వినబడినదని వాడు చెప్పెను. కాబట్టి ఈ వానలు పడకముందే డ్రమ్ము విప్పి షూలు చూపింపవలెనని నిశ్చయించుకొంటిమి.

పిండి రుబ్బు యంత్రమును గూర్చి వచ్చు మాసమున తప్పక వ్రాయుదును. దాని పట్టీ జారుచున్నవారు ఈలోగా పట్టీ వెడల్పును, పొడవును కొలిచి యుంచుకొనుడు.